గైడు, స్కాలర్: చెప్పుకోని మాటల వల్ల వచ్చే చిక్కులు (అపోహలు - వాస్తవాలు)

నెల్లూరులో పీహెచ్‌డీ విద్యార్థులకు (స్కాలర్లకు) గైడుగా పనిచేస్తున్నాను. 2008లో ఇక్కడ విక్రమ సింహపురి, 2022లో ఒంగోలులో ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయాలు ఏర్పడ్డాక, కావలిలోనో కందుకూరులోనో పాఠాలు చెప్పుకుంటూ పరిశోధన చేద్దామనుకునే అధ్యాపకులకు దారి దగ్గరైంది. చేరేటప్పుడు అందరికీ ఉత్సాహమే. రెండో ఏడు వచ్చేసరికి మాత్రం ‘సార్ పట్టించుకోవడం లేదు’ అని స్కాలరూ, ‘అసలు కనిపించడం లేదు’ అని గైడూ అంటుంటారు. ఎవరు ఎవరి నుంచి ఏం ఆశిస్తున్నారో మొదట్లో మాట్లాడుకోకపోవడమే చాలా సందర్భాల్లో దీనికి మూలం.

అపోహ: అంశం గైడే ఇస్తారు.

సైన్సులో గైడుకు నిధులున్న ప్రాజెక్టు ఉంటే అంశం దానితోపాటే వస్తుంది. సామాజిక శాస్త్రాల్లో అలా కుదరదు. ‘నెల్లూరు జిల్లా దూబగుంటలో మహిళలు నడిపిన సారా వ్యతిరేక ఉద్యమం మీద చేస్తానండీ’ అంటే అది ప్రాంతమూ సంఘటనా మాత్రమే, పరిశోధన ప్రశ్న కాదు. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధాన్ని 1997లో సడలించాక ఆ ఊళ్ల మహిళల సంఘాలు ఏమయ్యాయి అని అడిగితే అక్కడ పని మొదలవుతుంది. ఆ ప్రశ్న తేవలసింది స్కాలర్. దాన్ని అటూ ఇటూ లాగి, నిలబడుతుందో లేదో చూడవలసింది గైడు.

అపోహ: గైడు ఏమీ అనలేదంటే అధ్యాయం బాగున్నట్టే.

ఎక్కువ నష్టం చేసే అపోహ ఇదే. గైడు ఏమీ అనలేదంటే సాధారణంగా చదవలేదని అర్థం. పరీక్ష పేపర్ల మూల్యాంకనం, అడ్మిషన్లు, తనిఖీ బృందాల రాక, వీటి కింద మీ అధ్యాయం నలిగిపోతుంది. గుర్తు చేస్తే అమర్యాద అవుతుందని స్కాలర్ మొహమాటపడతారు. అడగలేదు కాబట్టి తొందర లేదేమోనని గైడు అనుకుంటారు. అలా ఒక సెమిస్టర్ గడిచిపోతుంది. గైడులందరూ తీరిక లేనివారేమీ కారు. బద్ధకస్తులూ ఉన్నారు, అది మా వాళ్లు ఒప్పుకోరు.

అందుకే చేరిన మొదటి నెలలోనే అడగండి: ‘అధ్యాయం ఇస్తే ఎన్ని వారాల్లో చూస్తారండీ? ఆ గడువు దాటితే ఫోను చేయవచ్చా, మెయిల్ పెట్టమంటారా?’ మూడు వారాలన్నది సమంజసమైన గడువు. కలిసిన ప్రతిసారీ అనుకున్న విషయాలు నాలుగు వాక్యాల్లో రాసి ఆ సాయంత్రమే గైడుకు పంపండి. యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2022 నిబంధనల ప్రకారం ప్రతి సెమిస్టర్‌కు ఒకసారి పరిశోధన సలహా సంఘం ముందు పని పురోగతి చెప్పాలి. చాలామంది దాన్ని టీ, బిస్కెట్ల సమావేశంగా చూస్తారు. గైడుతో మాట తేడా వచ్చిన రోజున మీ పక్షాన నిలిచే కాగితం ఆ సంఘం రాసుకున్న సమావేశపు మినిట్సే.

అపోహ: మూడేళ్లు తిరిగితే డాక్టరేట్ చేతికొస్తుంది.

మూడేళ్లన్నది కనీస కాలం, మొదట్లో చదవాల్సిన కోర్స్‌వర్క్‌తో కలిపి. గరిష్ఠం ఆరేళ్లు. పునర్నమోదుతో మరో రెండేళ్లు దొరకవచ్చు. మహిళలకూ, 40 శాతం మించి వైకల్యం ఉన్నవారికీ ఇంకో రెండేళ్ల సడలింపు ఉంది, అయినా మొత్తం పదేళ్లు దాటకూడదు. మహిళా స్కాలర్లకు ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు 240 రోజుల వరకూ ఉంటుంది. వారు పెళ్లయి ఊరు మారితే పరిశోధనను వేరే విశ్వవిద్యాలయానికి మార్చుకునే వీలూ ఉంది. ఇవన్నీ గైడుకు తెలిసే ఉంటాయనుకోకండి.

గైడు ఎప్పుడు రిటైరవుతారో కూడా అడగండి. మూడేళ్లలోపు సర్వీసు మిగిలినవారు కొత్త స్కాలర్లను తీసుకోకూడదు.

అపోహ: గైడు ఇంటి పనులు చేసిపెట్టడం శిష్యధర్మం.

కాదు. వారి అమ్మాయి పెళ్లి శుభలేఖలు పంచడం పరిశోధనలో భాగం కాదు. ట్యుటోరియల్స్, ల్యాబ్, మూల్యాంకనం వంటివాటికి వారానికి 4 నుంచి 6 గంటలు అప్పగించవచ్చని నిబంధనలు చెబుతున్నాయి, అంతవరకే.

అపోహ: పేపర్ అచ్చు కాకపోతే థీసిస్ తీసుకోరు, అచ్చయితే గైడు పేరే ముందుండాలి.

పేపర్ ప్రచురణ తప్పనిసరి అన్న షరతు 2022 నిబంధనల్లో లేదు. అయితే మీ విశ్వవిద్యాలయం సొంతంగా ఏం పెట్టుకుందో చూసుకోవాలి. ఇక పేర్ల వరుస. పని చేసి రాసినవారి పేరు ముందుండాలన్నది నా మాట. చదవకుండా సంతకం పెట్టినవారి పేరు అసలు ఉండకూడదు. ఈ సంగతి పేపర్ రాయకముందే తేల్చుకోండి. రాశాక తేల్చుకోబోతే మాట్లాడుకోవడం మానేసే దాకా వెళుతుంది.

అపోహ: గైడును మార్చమని అడిగితే ఇక అంతే సంగతులు.

ఇబ్బందికరమే, కానీ విభాగం ద్వారా దరఖాస్తు చేసుకోవచ్చు. ముందు విభాగాధిపతితో నోటిమాటగా చెప్పండి. గైడును తిట్టకుండా, అధ్యాయాలు ఇచ్చిన తేదీలు, వచ్చిన జవాబులు జతచేయండి. కొత్త గైడు దగ్గర ఖాళీ ఉందో లేదో కనుక్కున్నాకే కాగితం కదపండి: ప్రొఫెసర్ ఒకేసారి ఎనిమిది మందికి, అసోసియేట్ ప్రొఫెసర్ ఆరుగురికి, అసిస్టెంట్ ప్రొఫెసర్ నలుగురికి మించి తీసుకోలేరు.