సిగ్నల్ దగ్గర ఆగిపోయే బండి, షెడ్డుకొస్తే బుద్ధిమంతురాలు

పాత పెట్రోల్ కార్ల ఐడిలింగ్ (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజన్ నడవడం) కంప్లయింట్లలో నాకు ఎక్కువ తలనొప్పి తెప్పించేది అప్పుడప్పుడు మాత్రమే వచ్చేది. దాని మీద వినే మాటలు కొన్ని.

అపోహ: ప్లగ్గులు మారిస్తే సరిపోతుంది.
వాస్తవం: ప్లగ్గు బలహీనపడితే ఎత్తు ఎక్కేటప్పుడు కూడా మిస్సింగ్ కొడుతుంది. రోడ్డు మీద బాగా లాగుతూ, ఆపినప్పుడే వణుకుతుంటే ముందు గాలి దారి చూడాలి.

అపోహ: స్కానర్‌లో కోడ్ లేదంటే లోపం లేనట్టే.
వాస్తవం: తేడా ఒక హద్దు దాటి, కొంతసేపు నిలిస్తేనే ఈసీఎం, అంటే ఇంజన్‌ని నడిపే కంప్యూటర్, కోడ్ రాసుకుంటుంది. ఈమధ్య 2005 నాటి సెడాన్ ఒకటి వచ్చింది. ముప్పావుగంట ట్రాఫిక్‌లో తిరిగాకే ఆగిపోయేది. అప్పటికే ప్లగ్గులు, ఫ్యూయల్ పంపు, ఐడిల్ వాల్వు కొత్తవి వేయించారట! నేను బానెట్ మూసి, ఇంజన్ బాగా వేడెక్కేదాకా నడవనిచ్చి స్కానర్‌లో లైవ్ డేటా చూశాను. ఐడిలింగ్‌లో ఫ్యూయల్ ట్రిమ్ (ఈసీఎం పెట్రోలు ఎంత శాతం పెంచిందో, తగ్గించిందో చెప్పే లెక్క) ప్లస్ 20 దాటింది, 2500 ఆర్‌పీఎంకి రేస్ చేస్తే మామూలుకొచ్చింది. ఇంజన్‌లోకెళ్లే గాలిని కొలిచే ఎయిర్‌ఫ్లో మీటర్ ఉన్న బండిలో ఇలా చూపిస్తే మీటర్ దాటాక ఎక్కడో దొంగగాలి దూరుతోందని అనుమానించాలి. రేస్‌లో ఇంజన్ పీల్చే గాలి ఎక్కువ కాబట్టి చిల్లు వాటా తెలియదు. ఇంజన్ లోపలి ఆవిరిని మళ్లీ గాలి దారిలోకి పంపే పీసీవీ పైపును గుడ్డ చుట్టిన కటింగ్ ప్లయర్‌తో నొక్కగానే వణుకు ఆగింది. వంపు దగ్గర, కిందివైపు పగులు. చల్లగా ఉంటే మూసుకునేది, రబ్బరు వేడికి మెత్తబడితే తెరుచుకునేది. అంతకుముందు వాళ్లు పెట్టిన ఖర్చు ముందు ఆ పైపు ధర చిల్లర లెక్క.

కార్బ్ క్లీనర్ (కార్బన్ కడిగే స్ప్రే) కొట్టి లీకు వెతికే పద్ధతీ ఉంది. వేడి ఇంజన్ మీద వద్దు, అంటుకుంటుంది. నా కనుబొమ్మలు ఒకసారి కాలాయి.

అపోహ: స్క్రూ తిప్పి ఐడిలింగ్ పెంచితే చాలు.
వాస్తవం: అది కార్బురేటర్ కాలం నాటి అలవాటు. ఇంజెక్టర్లతో పెట్రోలు చిమ్మే ఎంపీఎఫ్‌ఐ బండ్లలో ఐడిలింగ్ చూసుకునేది ఈసీఎం. త్రాటిల్ (ఇంజన్‌లోకి గాలి వదిలే తలుపు) స్టాప్ స్క్రూ కదిలిస్తే దాని లెక్క తప్పుతుంది.

అపోహ: త్రాటిల్ బాడీ క్లీన్ చేస్తే అన్నీ పోతాయి.
వాస్తవం: చాలాసార్లు పోతాయి, అబద్ధం చెప్పను. కార్బన్ పేరుకోవడం మామూలే. కానీ వారంలో మళ్లీ మొదలైతే కారణం వేరే.

బండి తెచ్చేముందు మూడు విషయాలు రాసుకుని రండి: ఇంజన్ చల్లగా ఉందా వేడిగా ఉందా, ఏసీ ఆన్‌లో ఉందా, కాలు బ్రేక్ మీద ఉందా. బ్రేక్ తొక్కినప్పుడే ఐడిలింగ్ మారితే ముందు ఇంజన్ వాక్యూమ్‌తో బ్రేక్‌కి బలమిచ్చే బూస్టర్, దాని పైపు చూస్తాను. హెడ్‌లైట్లు వేస్తే పడిపోతుంటే బ్యాటరీ ఎర్త్ వైరు విప్పి తుప్పు గీకడంతో మొదలుపెడతాను.