ఒంటి వరసలో ఎలక్ట్రాన్లు: అయస్కాంతం చేసే పని

ఒడిశాలోని మా పర్లాకిమిడి ఇళ్లలో తెలుగు, బడిలో ఒడియా, డిగ్రీకెళ్తే ఇంగ్లీషు. అందుకే ఇది తెలుగులో రాయాలని ఎప్పటినుంచో ఉంది. మొన్న మా మేనల్లుడు అడిగాడు: "మావయ్యా, అయస్కాంత క్షేత్రంలో ఎలక్ట్రాన్ గుండ్రంగా తిరుగుతుంది కదా, మరి గొలుసులా ఒక్క వరసలోనే పోవాల్సొస్తే?"

చాలా మంచి ప్రశ్న. 1900లో మా రాజావారు నౌపడ నుంచి వేయించిన రైలు దారిలాగే అదీ సింగిల్ లైను, ముందు బండి కదలందే వెనక బండి కదలదు. ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి తోసుకుంటాయి కూడా, కాబట్టి ఒకటి కదిలితే ఆ కుదుపు వరసంతా పాకుతుంది.

ఈ లెక్క మొదలై చాలా కాలమైంది. ప్రతి ఎలక్ట్రాన్‌కీ స్పిన్ అనే గుణం ఉంటుంది, అది చిన్న అయస్కాంతంలా పనిచేస్తుంది. అలాంటి స్పిన్ల గొలుసు లెక్కను 1931లో భౌతిక శాస్త్రవేత్త హాన్స్ బేతే ఖచ్చితంగా సాధించాడు. తర్వాత 1950లో టొమొనాగా, 1963లో లటింజర్ కదిలే ఎలక్ట్రాన్ల మీద పనిచేశారు, లటింజర్ లెక్కలో దొర్లిన తప్పును 1965లో మాటిస్, లీబ్ సరిదిద్దారు. చివరికి తేలిన వింత ఏంటంటే, ఒంటి వరసలో ఛార్జి ఒక వేగంతో, స్పిన్ ఇంకో వేగంతో విడివిడిగా ప్రయాణిస్తాయి. ఒక్క గొలుసే ఉంటే గుండ్రంగా తిరగడానికి చోటే లేదు, క్షేత్రం పట్టు స్పిన్ మీదే.

ఇదంతా కాగితం మీది మాట. ఎలక్ట్రాన్లు ఇలా వరసల్లో పోయే అసలు పదార్థాలు 1970ల్లో వచ్చాయి, 1980లో జెరోమ్, బెక్‌గార్డ్ బృందం అలాంటి ఒక సేంద్రియ లవణంలో భారీ ఒత్తిడి కింద, సుమారు 0.9 కెల్విన్ (అంటే దాదాపు మైనస్ 272 డిగ్రీల సెల్సియస్) దగ్గర సూపర్‌కండక్టివిటీ, అంటే నిరోధం లేకుండా కరెంటు పారడం, చూసింది. ఆ కుటుంబంలోదే ఇంకో లవణానికి కొన్ని టెస్లాల (టెస్లా అంటే అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే ప్రమాణం) క్షేత్రం పెడితే సూపర్‌కండక్టివిటీ పోవడం ఎవరైనా ఊహించేదే, కానీ దాని తర్వాత స్పిన్లు అలలా బారులు తీరి, క్షేత్రం పెంచే కొద్దీ ఆ అల మెట్లు మెట్లుగా మారడం ఎవరూ ఊహించలేదు.

కారణం 1984లో గోర్కోవ్, లెబెద్ చెప్పారు, నాకు అన్నిటికన్నా నచ్చేది ఇదే. నిజం పదార్థంలో గొలుసులు పక్కపక్కనే ఉంటాయి, ఎలక్ట్రాన్ అప్పుడప్పుడు పక్క వరసలోకి దూకుతుంది. క్షేత్రం ఆ పక్కదూకుడును అటూ ఇటూ ఊగే వంకరగా మారుస్తుంది, క్షేత్రం పెరిగితే ఆ ఊపు ఇరుకవుతుంది. అంటే ఎలక్ట్రాన్‌ను తన వరసకే కట్టేసేది అయస్కాంతమే! వరస ఒంటిదయ్యే కొద్దీ తోపులాటదే పైచేయి, అందుకే ఆ అల పుడుతుంది. ఆ మెట్లు హాల్ వోల్టేజిలోనూ, అంటే క్షేత్రం వల్ల కరెంటుకు అడ్డంగా పుట్టే వోల్టేజిలోనూ, కనిపించాయి.