ఇన్సులిన్ మొదలుపెడితే కళ్లు పోతాయా?

టెక్సస్‌లో మా ఫార్మసీకి వచ్చే షుగర్ పేషెంట్లలో ఎక్కువమంది మెక్సికో మూలాలున్న లాటినోలు. "వాళ్లకి మందులంటే లెక్కలేదటగా" అని మనవాళ్లు తేలిగ్గా అనేస్తుంటే చిరాకేస్తుంది. లెక్కలేక మానేసేవాళ్లు నాకు తగిలింది తక్కువ. భయపడి మానేసేవాళ్లే ఎక్కువ.

అపోహ: ఇన్సులిన్ తీసుకుంటే చూపు పోతుంది.

వాస్తవం: చూపు తీసేది ఏళ్ల తరబడి అదుపు తప్పిన షుగర్. డాక్టరు సూది రాసేసరికే చాలామందికి షుగర్ వచ్చి పది, పదిహేనేళ్లు దాటి ఉంటుంది. కంటి లోపలి పొర, రెటీనా, అప్పటికే దెబ్బతిని ఉంటుంది, పేషెంటుకి తెలియదు. సూది మొదలైన కొన్నాళ్లకి చూపు తగ్గుతుంది. ఇంట్లోవాళ్లకి కనపడేది ఆ వరసే కాబట్టి నింద సూది మీద పడుతుంది. కళ్లారా చూసినదాన్ని మూఢనమ్మకం అని కొట్టిపారేస్తే ఎవరు వింటారు?

పైగా అందులో రవ్వంత నిజం కూడా ఉంది. బాగా పెరిగిపోయిన షుగర్ ఒక్కసారిగా దిగితే, అప్పటికే రెటినోపతీ, అంటే షుగర్ వల్ల రెటీనాకి తగిలిన దెబ్బ, ఉన్న కొందరికి మొదటి నెలల్లో అది ముదరొచ్చు. టైప్ 1, అంటే ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారుకాని రకం షుగర్ ఉన్నవాళ్ల మీద చేసిన డీసీసీటీ అధ్యయనంలో ఇది కనిపించింది. 1993లో వచ్చిన ఆ ఫలితాల్లోనే, షుగర్‌ని గట్టిగా అదుపు చేసినవాళ్లకి కొత్తగా రెటినోపతీ వచ్చే ముప్పు 76 శాతం తగ్గిందనీ తేలింది. అందుకే సూది మొదలుపెట్టేటప్పుడు కంటి డాక్టరుకీ చూపించుకోమంటాం. మొదటి వారాల్లో చూపు కాస్త మసకబారితే కంగారుపడి కొత్త కళ్లద్దాలు చేయించుకోకండి. చాలామందికి అదే సర్దుకుంటుంది. తగ్గకపోయినా, ఉన్నట్టుండి చూపు పడిపోయినా మాత్రం వెంటనే వెళ్లాలి.

నన్ను "మిహా" అని, అంటే అమ్మాయీ అని పిలిచే ఒక పెద్దావిడ ఉంది. నెలనెలా టైముకి ఇన్సులిన్ పెన్నులు తీసుకెళ్లేది. కంప్యూటర్లో చూస్తే మందులు తప్పని పేషెంటు. రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే ఏ1సీ మాత్రం 11 దగ్గరే కూర్చుంది. ఒకరోజు మనవడు ఫోన్లో వాళ్ల ఫ్రిజ్ ఫొటో చూపించాడు. టోర్టిల్లాల ప్యాకెట్ వెనక సీలు తియ్యని పెన్నుల డబ్బాలు ఒకదాని మీద ఒకటి! డాక్టరు మాట కాదనడం మర్యాద కాదని తీసుకెళ్తోంది. మన అమ్మమ్మలు "అలాగే బాబూ" అని తలూపి మాత్ర దిండు కింద పెట్టడం లేదూ?

మీవాళ్లలో ఎవరికి కళ్లు పోయాయని అడిగాను. అక్కకట. అక్కకి షుగర్ వచ్చిన ఎన్నాళ్లకి సూది వేశారని అడిగితే వేళ్ల మీద లెక్కపెట్టి, పద్దెనిమిదేళ్లంది. చెప్పాక తనే ఆగిపోయింది. కంటి పరీక్ష అయ్యాకే మొదలుపెడతానంది. న్యాయమైన షరతే!

మిగతావి గబగబా చెప్పేస్తాను. మెట్‌ఫార్మిన్ కిడ్నీల్ని పాడుచెయ్యదు. కిడ్నీలు బాగా దెబ్బతిన్నాక, కిడ్నీల వడపోత ఎంతుందో చెప్పే ఈజీఎఫ్ఆర్ 30 కన్నా తగ్గితే, ఆపేస్తారు. జనం దాన్ని తిరగేసి చెప్పుకుంటారు. నోపాల్ అనే జెముడు కూర సుబ్బరంగా తినొచ్చు, మాత్ర మానక్కర్లేదు. 'సుస్తో', అంటే గట్టిగా జడుసుకోవడం వల్ల షుగర్ వచ్చిందంటే నేను వాదించను. ఎలా వచ్చినా వేసుకోవాల్సిన మందు అదే.

ఇక ఖర్చు. 2023 నుంచి మెడికేర్, అంటే ముఖ్యంగా 65 దాటినవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే ఇన్సూరెన్స్, ఉన్నవాళ్లకి ఇన్సులిన్ నెలకి 35 డాలర్లు దాటదు. ఆ వయసు రాని, ఇన్సూరెన్స్ లేని రూఫింగ్ కూలీకి ఆ రూలు వర్తించదు. ఇన్సులిన్ డోసు సగానికి కోసుకుని నెట్టుకొస్తుంటాడు. మీ క్లినిక్‌కి, మీ కౌంటర్‌కి అలాంటివాళ్లు వస్తే "ఎందుకు మానేశావ్" అనకండి. "ఎంత పడుతోంది" అని అడగండి. చౌక రకానికి మార్చవచ్చు, కంపెనీల సాయం పథకాలున్నాయి, ఆదాయాన్ని బట్టి ఫీజు తీసుకునే కమ్యూనిటీ హెల్త్ సెంటర్లున్నాయి. అడగనిదే వాళ్లంతట వాళ్లు చెప్పరు.