పొద్దు గుంకాక సముద్రం ఫోటోలు: విశాఖ తీరంలో అపోహలు, వాస్తవాలు

బీచ్‌లో ఫోటోలు తీయించుకోవడానికి నా దగ్గరకు వచ్చే జంటల్లో చాలామంది మొదటి కోరిక ఒకటే: "సూర్యుడు సముద్రంలో మునుగుతుండగా మా ఇద్దరినీ తీయాలండీ." గోవాలో అయితే సరే. విశాఖలో ఎంత ఖరీదైన కెమెరా తెచ్చినా అది కుదరదు. ఇలాంటి మాటలు మరికొన్ని తరచూ వింటుంటాను. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: సాయంత్రం ఆర్కే బీచ్‌కు వెళితే సముద్రంలో సూర్యాస్తమయం దొరుకుతుంది

మనది తూర్పు తీరం. పొద్దు పొడిచేది నీటి మీద, గుంకేది మన వీపు వెనుక, కొండల చాటున. డిసెంబరులో సూర్యుడు పడమర నుంచి దాదాపు 25 డిగ్రీలు దక్షిణానికి జరిగి అస్తమిస్తాడు. అయినా మన తీరం ఈశాన్యం నుంచి నైరుతికి వాలి ఉండటం వల్ల ఊరి మీదే దిగుతాడు తప్ప నీటిని అందుకోడు.

అయితే ఆ జరగడం మనకు పనికొస్తుంది. చలికాలంలో కైలాసగిరి కొండ మీద నిలబడి నైరుతికి తిరిగితే కుడివైపు పొద్దు, నడుమ ఊరు, ఎడమవైపు వంపు తిరిగిన తీరం, దాని కొసన డాల్ఫిన్ నోస్ కొండ అన్నీ 24 ఎంఎం వైడ్ లెన్సులో (ఎక్కువ దృశ్యం చూపే లెన్సు) పట్టేస్తాయి. జూన్‌లో అక్కడే నిలబడితే సూర్యుడు వాయవ్యానికి వెళ్లిపోయి ఉంటాడు, సముద్రంతో కలిపి తీయడం అసాధ్యం.

ఫోను చూపించే అస్తమయ వేళను కూడా గుడ్డిగా నమ్మకండి. నవంబరు చివర సుమారు 5.20, జూన్ నెలాఖరులో సుమారు 6.35 అని చూపిస్తుంది. అది అడ్డులేని దిగంతానికి వేసిన లెక్క. వెనుక కొండలు, వాటి ముందు అపార్ట్‌మెంట్లు ఉన్న బీచ్‌లో ఎండ అంతకన్నా ముందే తప్పుకుంటుంది. ముఖాల మీద బంగారు వెలుగు కావాలంటే ఆ వేళకు గంట ముందే అక్కడ ఉండాలి.

అపోహ: పొద్దు గుంకింది కాబట్టి ఇక సర్దుకోవచ్చు

నాకు అసలు పని అప్పుడే మొదలవుతుంది. సూర్యుడు దిగిన కొద్ది నిమిషాలకు తూర్పున, నీటికి ఆనుకుని, బూడిద కలిసిన నీలం పట్టీ ఒకటి పైకి లేస్తుంది. దాని మీద గులాబీ రంగు అంచు. పక్కన నిలబడ్డవాళ్లు "మబ్బు పట్టేసింది" అనో, "హార్బరు పొగ" అనో అనుకుంటారు. అది మబ్బూ కాదు, పొగా కాదు, భూమి నీడ. చంద్రగ్రహణం నాడు చంద్రుడిని కమ్మేది ఈ నీడే. ఆకాశం తేటగా ఉన్న ప్రతి సాయంత్రమూ మన గాలి మీద పడుతూనే ఉంటుంది. అది కనిపించాలంటే సూర్యుడికి ఎదురు దిక్కున అడ్డులేని దిగంతం ఉండాలి, మనకు ఆ దిక్కున బంగాళాఖాతం ఉంది. పడమటి తీరం వాళ్లకు ఈ వేళ ఆ దిక్కున ఉండేది నేల. అందుకే సముద్రంలో సూర్యాస్తమయం లేదని దిగులుపడేవాళ్లను చూస్తే నాకు కాస్త చిరాకు. వెనక్కి తిరిగి ఊరివైపు కెమెరా పెట్టి, ఎదురుగా ఉన్నదాన్ని వదిలేస్తారు.

ఆ పట్టీ పావుగంట, ఇరవై నిమిషాల్లో రాత్రి నీలంలో కలిసిపోతుంది. వైడ్ లెన్సులో సన్నని గీతగా మిగిలిపోతుంది కాబట్టి 50 నుంచి 85 ఎంఎం వాడండి. రంగులను సర్దే వైట్ బ్యాలెన్స్ ఆటోలో ఉంటే కెమెరా ఆ గులాబీని లోపమనుకుని సరిదిద్దేస్తుంది. డేలైట్‌కు మార్చండి, వీలైతే రా ఫైలుగా (కెమెరా సరిదిద్దని ముడి ఫైలు) తీయండి. ఎత్తున మబ్బులుంటే ఇంకా మంచిది, కానీ ఎరుపు తూర్పు మబ్బుల మీద ముందే వెలిగి ముందే ఆరిపోతుంది. పడమట ఇంకా ఎర్రగా ఉంది కదా అని ధీమాగా ఉంటే సముద్రం మీద రంగు పోతుంది.

ఇదే సమయంలో కాళ్ల దగ్గర కూడా చూడండి. మన తీరంలో ఇల్మనైట్, గార్నెట్ వంటి బరువు ఖనిజాలు కలిసిన నల్లటి, ఎర్రటి ఇసుక చారలుంటాయి. అల వెనక్కి తగ్గగానే ఆ తడి నల్ల ఇసుక మీద గులాబీ ఆకాశం మొత్తం దిగుతుంది. రెండు మూడు సెకన్లలో నీరు ఇంకి ఇసుక మసకబారుతుంది. కెమెరాను మోకాలి ఎత్తుకు దించి, అల తగ్గుతుండగా నొక్కాలి.

ఉత్తరాది దేశాల వీడియోలు చూసి సంధ్య వెలుగు గంటసేపు ఉంటుందని లెక్క వేసుకోకండి. దాదాపు 18 డిగ్రీల అక్షాంశంలో ఉన్న మనకు సూర్యుడు నిటారుగా దిగిపోతాడు. వీధిదీపాలు, ఆకాశం సమానంగా కనిపించేది పది నిమిషాలు మాత్రమే.

అపోహ: రాత్రి ఫోటోకు ఐఎస్‌వో పెంచడమే మార్గం

ఐఎస్‌వో అంటే వెలుగుకు కెమెరా చూపే సున్నితత్వం. ట్రైపాడ్ ఉంటే దాన్ని పెంచక్కర్లేదు. పొద్దు గుంకిన అరగంటకు ఐఎస్‌వో 100, ఎఫ్8 (లెన్సు రంధ్రం కొలత), ఎనిమిది సెకన్ల దగ్గర మొదలుపెట్టి, వెలుగునీడల గ్రాఫు అయిన హిస్టోగ్రామ్ చూసి సర్దుకోండి. ఫోను నైట్ మోడ్ ఎన్నో ఫ్రేములు కలిపి ఒకటి చేస్తుంది కాబట్టి రోడ్డు, భవనాలు చక్కగా వస్తాయి, అలలు మాత్రం ముద్దవుతాయి. అన్నిటికన్నా ముందు ఫోను లెన్సు తుడవండి. మిరపకాయ బజ్జీ తిన్న వేళ్ల జిడ్డుకు ఉప్పుగాలి తోడైతే ప్రతి వీధిదీపానికీ తోక మొలుస్తుంది.

అపోహ: ట్రైపాడ్ ఉంటే చాలు, ఫోటో కదలదు

అల వెనక్కి పోయేటప్పుడు మడమల కింద ఇసుక జారడం అందరికీ తెలుసు. ట్రైపాడ్ కాళ్ల కిందా అదే జరుగుతుంది. కాళ్లను గట్టిగా లోపలికి దించి, రెండు అలలు పోనిచ్చి, అది కుదురుకున్నాకే తీయండి. నడిమి కడ్డీ ఎత్తవద్దు. బరువు కోసం సంచి వేలాడదీస్తే సముద్రపు గాలికి ఊగి ఇంకా కదుపుతుంది, అది నేలను తాకేలా కట్టండి. లెన్సులో చేతి వణుకును సరిచేసే స్టెబిలైజేషన్ ఆపేసి, రెండు సెకన్ల టైమర్ పెట్టుకోండి.

అపోహ: షట్టర్ ఎంత ఎక్కువసేపు తెరిస్తే సముద్రం అంత అందం

ముప్పై సెకన్లు తెరిచి ఉంచితే అలలన్నీ పాలపొగ అవుతాయి. కొన్నిచోట్ల బాగుంటుంది, కాదనను. కానీ తెన్నేటి పార్కు కింద రాళ్ల దగ్గర అలా తీస్తే అది విశాఖో మరో ఊరో తెలియదు. అల వెనక్కి జారడం మొదలైనప్పుడు అర సెకను నుంచి ఒక సెకను తెరిచి చూడండి. రాళ్ల సందుల్లోంచి నురగ తెల్లని గీతలై దిగుతుంది, నీటి వేగం తెలుస్తుంది. దూరంగా లంగరు వేసిన ఓడల దీపాలకూ తక్కువ సమయమే మేలు. ఎక్కువసేపు తెరిస్తే ఓడ ఊగి చుక్క కాస్తా మరక అవుతుంది.

అపోహ: ఫ్లాష్ వేస్తే సముద్రం వెలుగుతుంది

వెలగదు. ఎదురుగా గాలిలో ఉన్న తుంపర్లు వెలుగుతాయి.

అపోహ: పౌర్ణమి రాత్రి ఎప్పుడు వెళ్లినా చంద్రుడు, సముద్రం బాగా పడతాయి

పైకి వచ్చిన పున్నమి చంద్రుడు ఎండలో ఉన్న రాయి. ఐఎస్‌వో 100, ఎఫ్8 వద్ద సెకనులో 200వ వంతు చాలు. ఆ సెట్టింగులో సముద్రం నల్లగా పోతుంది. సముద్రం కనిపించేలా తీస్తే చంద్రుడు తెల్లని బిళ్ల అవుతాడు. రెండూ కలిసి కుదిరేది చంద్రోదయం అస్తమయానికి దగ్గరగా ఉన్నప్పుడే. అందుకే నేను పౌర్ణమితోపాటు చతుర్దశి సాయంత్రం కూడా వెళతాను. ఆ రోజు చంద్రుడు ముప్పావుగంట అటూఇటూగా ముందే వస్తాడు, ఆకాశంలో వెలుగుంటుంది. పౌర్ణమి నాడైతే భూమి నీడ పట్టీలోంచే పైకి లేస్తాడు.

దిక్కు కూడా చూసుకోవాలి. పున్నమి చంద్రుడు సూర్యుడికి ఎదురు. డిసెంబరులో ఈశాన్యంగా, ఆర్కే బీచ్ నుంచి చూస్తే కైలాసగిరికి కుడిపక్కన లేస్తాడు. జూన్‌లో ఆగ్నేయంగా, నేరుగా నడిసముద్రం మీద. 2002 నుంచి బీచ్‌లో మ్యూజియంగా ఉన్న కురుసుర జలాంతర్గామిపై చంద్రుడిని పెట్టాలంటే రోడ్డుకు ఇవతల వీలైనంత దూరం జరిగి పొడవైన లెన్సు వాడండి. దిగంతం దగ్గర చంద్రుడు పెద్దగా కనిపించడం మన కంటి భ్రమ, కెమెరాకు ఆ భ్రమ లేదు. ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో 200 ఎంఎం లెన్సుకు కూడా 24 మిల్లీమీటర్ల ఎత్తున్న సెన్సార్ (బొమ్మను పట్టే పలక) మీద చంద్రుడు రెండు మిల్లీమీటర్లు ఉండడు.

పౌర్ణమి, అమావాస్యలకు పోటు ఎక్కువ. సాయంత్రం పొడిగా ఉన్న రాయి చుట్టూ రాత్రికి నీరు చేరవచ్చు. పాచి పట్టిన రాళ్లు ఎక్కకండి, ఒంటరిగా వెళ్లకండి. నౌకాదళ స్థావరం ఉన్న ఊరు కాబట్టి నిషేధిత బోర్డులున్న చోట కెమెరా తీయకండి, అనుమతి లేకుండా డ్రోన్ ఎగరేయకండి.

అపోహ: యూవీ ఫిల్టర్ ఉంటే ఉప్పుగాలి భయం లేదు

పగలు సరే. రాత్రి దాన్ని తీసేయండి, లేకపోతే ప్రతి వీధిదీపానికీ తలకిందులుగా ఒక పచ్చని దయ్యం లాంటి ప్రతిబింబం తోడు వస్తుంది. ఏసీ కారులోంచి దిగగానే లెన్సుకు ఆవిరి పడితే తుడుస్తూ కూర్చోకండి, సంచి మూసే ఉంచి అరగంట ఆగితే చాలు. ఇంటికొచ్చాక గాజును పొడిగుడ్డతో రుద్దకండి, ఉప్పు రేణువులు గీతలు పెడతాయి. ముందు బ్లోవర్‌తో ఊది, తర్వాత తడిగుడ్డతో అద్దండి. ట్రైపాడ్ కాళ్లు పూర్తిగా బయటకు లాగి మంచినీళ్లతో కడిగి, అలాగే చాపి ఆరబెట్టండి. తడిగా ముడిచి సంచిలో పెడితే తాళాల్లో ఉప్పు పేరుకుని, మళ్లీ తీసేసరికి బిగుసుకుపోయి ఉంటాయి.