వేటు పడిన ఉద్యోగిని భాగస్వామి సంస్థ తీసుకోకూడదా? అపోహలు – వాస్తవాలు

ఉద్యోగ ఒప్పందాల వివాదాలు చూసే న్యాయవాదిని నేను. నా దగ్గరకు వచ్చేవారిలో ఎక్కువమంది మాదాపూర్, గచ్చిబౌలి కంపెనీల్లో పనిచేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు. 2023 నవంబరు తరువాత వారి నోట ఒకే మాట పదేపదే వింటున్నాను. "శామ్ ఆల్ట్‌మన్ పెద్దవాడు కాబట్టి తీసేసిన రెండు రోజులకే మైక్రోసాఫ్ట్ పిలిచి ఉద్యోగమిచ్చింది మేడమ్, మాలాంటివాళ్లు క్లయింట్ దగ్గర చేరితే కేసు వేస్తారు" అంటారు. ఇందులో జరిగిన విషయమూ తప్పుగా ఉంది, చట్టమూ తప్పుగా ఉంది. ఈ నమ్మకంతోనే చేతికందిన ఉద్యోగాన్ని వదులుకుని నెలల తరబడి ఇంట్లో కూర్చున్నవారిని చూశాను కనుక, దీని గురించి వివరంగా రాయవలసి వస్తోంది.

ముందు జరిగినదేమిటో చూద్దాం. 2023 నవంబరు 17, శుక్రవారం నాడు, చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐ బోర్డు తన సీఈఓ శామ్ ఆల్ట్‌మన్‌ను తొలగించింది. బోర్డుతో ఆయన దాపరికం లేకుండా వ్యవహరించడం లేదన్నది ప్రకటనలో చెప్పిన కారణం. బోర్డు ఛైర్మన్ పదవి పోయిన గ్రెగ్ బ్రాక్‌మన్ అదే రోజు రాజీనామా చేశారు. 19వ తేదీ రాత్రి, అంటే మనకు 20వ తేదీ మధ్యాహ్నం, వీరిద్దరూ ఓపెన్‌ఏఐ భాగస్వామి సంస్థ అయిన మైక్రోసాఫ్ట్‌లో కొత్త పరిశోధన బృందాన్ని నడిపిస్తారని సత్య నాదెళ్ల ప్రకటించారు. నాదెళ్ల మన హైదరాబాద్ పబ్లిక్ స్కూల్ పూర్వ విద్యార్థి కావడంతో ఆ ప్రకటన ఇక్కడ ఇంటింటా చర్చకు వచ్చింది. ఆ వెంటనే ఓపెన్‌ఏఐలో సుమారు 770 మంది ఉద్యోగులకుగాను 700 మందికి పైగా, బోర్డు రాజీనామా చేయకపోతే తామూ మైక్రోసాఫ్ట్‌కు వెళ్లిపోవచ్చంటూ ఒక లేఖ మీద సంతకాలు చేశారు. 21వ తేదీ రాత్రికల్లా రాజీ కుదిరి ఆల్ట్‌మన్ తిరిగి ఓపెన్‌ఏఐ సీఈఓ అయ్యారు.

అపోహ: తొలగించిన తరువాత కూడా నాన్-కంపీట్ క్లాజు (ఉద్యోగం ముగిశాక కొంతకాలం పోటీ సంస్థలోనో, క్లయింట్ దగ్గరో పనిచేయకూడదన్న షరతు) మనల్ని కట్టేస్తుంది, ఆల్ట్‌మన్‌కు పలుకుబడి ఉంది కనుక దాన్ని దాటగలిగాడు.

అన్నిటికంటే ఖరీదైన అపోహ ఇదే. ఓపెన్‌ఏఐ ఉన్నది శాన్‌ఫ్రాన్సిస్కోలో. కాలిఫోర్నియా బిజినెస్ అండ్ ప్రొఫెషన్స్ కోడ్‌లోని 16600వ సెక్షన్ ప్రకారం, ఉద్యోగం ముగిసిన తరువాత ఒక మనిషిని తన వృత్తి చేసుకోనివ్వని ఒప్పందం చెల్లదు. కాబట్టి మైక్రోసాఫ్ట్ పిలుపును అందుకోవడానికి ఆల్ట్‌మన్‌కు ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఆ లేఖ మీద సంతకం చేసిన 700 మందిలో పేరు ప్రతిష్ఠలున్నవారు కొద్దిమందే, మిగిలినవారంతా సాధారణ ఇంజినీర్లు, పరిశోధకులు, కార్యాలయ సిబ్బంది. ఆల్ట్‌మన్‌కు ఉన్న హక్కే వారిలో ప్రతి ఒక్కరికీ ఉంది.

మన దేశంలోనూ చట్టం ఇదే. భారత కాంట్రాక్టు చట్టం, 1872లోని 27వ సెక్షన్, ఎవరినైనా చట్టబద్ధమైన వృత్తి లేదా వ్యాపారం చేయకుండా నిరోధించే ప్రతి ఒప్పందమూ ఆ మేరకు చెల్లదంటుంది. వ్యాపారాన్ని గుడ్‌విల్‌తో (దానికున్న మంచిపేరుతో) సహా అమ్ముకున్నవారి విషయంలో మాత్రమే అందులో మినహాయింపు ఉంది. ఈ పోలిక యాదృచ్ఛికం కాదు. డేవిడ్ డడ్లీ ఫీల్డ్ అనే న్యాయవాది న్యూయార్క్ రాష్ట్రం కోసం ఒక సివిల్ కోడ్ ముసాయిదా తయారుచేశారు. న్యూయార్క్ దాన్ని ఆమోదించలేదు కానీ, 1872లోనే ఇటు మన 27వ సెక్షన్, అటు కాలిఫోర్నియా నిబంధన రెండూ ఆ ముసాయిదా నుంచే వచ్చాయి. గచ్చిబౌలి ఉద్యోగికి లేని రక్షణ శాన్‌ఫ్రాన్సిస్కో ఉద్యోగికి ఉందనుకునేవారు ఈ సంగతి గమనించాలి.

ఇక తొలగింపుకు గురైనవారి విషయం మరింత స్పష్టంగా ఉంది. సూపరింటెండెన్స్ కంపెనీ ఆఫ్ ఇండియా వర్సెస్ కృష్ణ ముర్గాయ్ కేసులో కంపెనీయే ఉద్యోగిని తొలగించింది. ఆ తరువాత ఆయన అదే రకం వ్యాపారం మొదలుపెట్టగా, కంపెనీ రెండేళ్ల నిషేధపు క్లాజు చూపించి కోర్టుకెక్కింది. 1980లో సుప్రీంకోర్టు కంపెనీ వాదనను తిరస్కరించింది. ఆ క్లాజు ఉద్యోగి తనంతట తాను విడిచి వెళ్లినప్పుడే వర్తిస్తుందని, కంపెనీ తీసేసినప్పుడు కాదని ఇద్దరు న్యాయమూర్తులు చెప్పగా, ఉద్యోగం ముగిసిన తరువాత అమలయ్యే అలాంటి నిషేధం 27వ సెక్షన్ కింద అసలే చెల్లదని జస్టిస్ ఎ.పి. సేన్ విడిగా రాశారు. 2006లో క్రికెటర్ జహీర్ ఖాన్ కేసులోనూ, ఒప్పందం గడువు ముగిశాక కొనసాగే ఆంక్ష చెల్లదనే సుప్రీంకోర్టు చెప్పింది.

ఈ చట్టం తెలియక ఎంత నష్టం జరుగుతుందో ఒక ఉదాహరణ చెబుతాను. ఖమ్మం వైపు నుంచి వచ్చిన ఒక ఇంజినీరు, ఒక సర్వీసెస్ కంపెనీ తరఫున ఏళ్ల తరబడి క్లయింట్ కార్యాలయంలోనే కూర్చుని పనిచేశారు. ప్రాజెక్టు మూసేశామని కంపెనీ ఆయనను తీసేసింది. ఆయన పని తెలిసిన క్లయింట్ మేనేజరు మాత్రం నేరుగా తమ సంస్థలో చేరమని ఆఫర్ ఇచ్చారు. ఇది తెలిసి పాత కంపెనీ హెచ్‌ఆర్ నుంచి ఒక మెయిల్ వచ్చింది. అపాయింట్‌మెంట్ లెటర్ చివరి పేజీల్లోని 12 నెలల నిషేధపు క్లాజును పసుపురంగులో గుర్తుపెట్టి, ఉల్లంఘిస్తే రిలీవింగ్ లెటర్ ఇవ్వబోమని రాశారు. ఆయన ఆ రాత్రే క్లయింట్‌కు క్షమాపణ చెబుతూ ఆఫర్ తిరస్కరించారు. భార్య నగలు తాకట్టులోకి వెళ్లాయి. ఇంటి రుణం వాయిదాలు తప్పిన తరువాత తండ్రిని వెంటబెట్టుకుని నా దగ్గరకు వచ్చారు. ఆ పెద్దాయన కాగితాల సంచి ఒళ్లో పెట్టుకుని, "సంతకం పెట్టింది మావాడే కదమ్మా, ఇప్పుడు కాదంటే కోర్టు ఊరుకుంటుందా?" అని అడిగారు. ఆ క్లాజును ఆయన ముందే చదివి వినిపించాను. ఉద్యోగి కంపెనీని విడిచిన తరువాత అని అందులో ఉంది. ఆ అబ్బాయిని విడిచిపెట్టింది కంపెనీ. అది చెల్లని క్లాజని, ఒకవేళ చెల్లినా ఆయనకు వర్తించేది కాదని చెప్పాను. అప్పటికి ఆ ఉద్యోగంలో మరొకరు చేరిపోయారు.

సంతకం చేస్తే కట్టుబడాల్సిందేనన్న నిజాయితీ మనవాళ్లలో బలంగా ఉంది, అది నాకు గౌరవమే. ఆ నిజాయితీని ఆసరా చేసుకుని, కోర్టులో నిలవదని తెలిసి కూడా ప్రతి అపాయింట్‌మెంట్ లెటర్‌లో ఈ క్లాజు పెట్టడం, దాన్ని చూపించి జీతం లేని మనిషిని బెదిరించడం నాకు సహించరాని విషయాలు.

అయితే నిజంగా అడ్డొచ్చేది వేరే ఉంది, దాని గురించి ఎవరూ అడగరు. మీ కంపెనీకీ క్లయింట్‌కూ మధ్య ఉండే ఒప్పందంలో, ఒకరి సిబ్బందిని మరొకరు ఆకర్షించి తీసుకోకూడదనే షరతు తరచుగా ఉంటుంది. అది మీరు సంతకం చేసింది కాదు, మీకు చూపించేదీ కాదు. 2006లో ఢిల్లీ హైకోర్టు ముందుకు వచ్చిన విప్రో, బెక్‌మన్ కోల్టర్ కేసు ఇలాంటిదే. ఏళ్లపాటు విప్రో ద్వారా తన వైద్య పరికరాలను ఇక్కడ అమ్ముకున్న విదేశీ సంస్థ, సొంతంగా వ్యాపారం చేసుకోవాలనుకుని అనుభవజ్ఞుల కోసం పత్రికా ప్రకటన ఇచ్చింది. ఆ షరతు కట్టడి చేసేది రెండో సంస్థనే గాని ఉద్యోగులను కాదని, కనుక 27వ సెక్షన్ దానికి అడ్డురాదని, సంస్థల మధ్య నష్టపరిహారం విషయం తేల్చుకోవచ్చని కోర్టు చెప్పింది. అప్పటికే చేరిన ఉద్యోగుల కొలువుల జోలికి మాత్రం పోలేదు. కాబట్టి క్లయింట్ మిమ్మల్ని పిలిస్తే, మీ పాత కంపెనీతో తమకున్న షరతు సంగతి తమ లీగల్ విభాగం చూసిందా అని వారి హెచ్‌ఆర్‌ను మెయిల్‌లో అడగండి. ఆ ప్రశ్నకు జవాబు చెప్పుకోవలసింది వారే.

అమెరికాలోని మనవాళ్లకు ఒక హెచ్చరిక. కాలిఫోర్నియా చట్టం దేశమంతటికీ వర్తించదు. నాన్-కంపీట్ క్లాజులను నిషేధిస్తూ 2024లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ తెచ్చిన దేశవ్యాప్త నిబంధనను టెక్సస్‌లోని ఫెడరల్ కోర్టు కొట్టేసింది. మైక్రోసాఫ్ట్ ఉన్న వాషింగ్టన్ రాష్ట్రంలో 2020 నుంచి అమలైన చట్టం ప్రకారం, లేఆఫ్ చేసిన ఉద్యోగిపై నాన్-కంపీట్ ప్రయోగించాలంటే ఆ కాలమంతా, వేరేచోట సంపాదించినది పోను, మూలవేతనం చెల్లించాలి. మీ రాష్ట్రం చట్టమేమిటో అక్కడి న్యాయవాదిని అడగండి. స్నేహితుల వాట్సాప్ గ్రూపును కాదు.

అపోహ: ఆల్ట్‌మన్ మైక్రోసాఫ్ట్‌లో చేరి, రెండు రోజులు పనిచేసి వెనక్కి వచ్చాడు.

చేరిక పూర్తి కానేలేదు. ప్రకటన వెలువడిన మరుసటి రోజు ఇంటర్వ్యూల్లోనే, ఆల్ట్‌మన్ ఓపెన్‌ఏఐకి తిరిగి వెళ్లినా తమకు అభ్యంతరం లేదన్నట్టుగా నాదెళ్ల మాట్లాడారు. ఇందులో మనకు పనికొచ్చే విషయం ఉంది. నాదెళ్ల స్థాయి వ్యక్తి బహిరంగంగా చెప్పిన మాట కూడా నియామకం కాదు. ఇక క్లయింట్ మేనేజరు క్యాంటీన్‌లో చెప్పిన "నువ్వు వచ్చెయ్, నేను చూసుకుంటా" అన్న మాట మీద ఆధారపడి మరో కంపెనీ ఆఫర్ వదులుకోవడం ఎంత ప్రమాదమో ఆలోచించండి. జీతం, హోదా, చేరే తేదీ ఉన్న ఆఫర్ లెటర్ చేతికి వచ్చేవరకు మరో తలుపు మూయవద్దు.

అపోహ: ఓపెన్‌ఏఐ యజమాని మైక్రోసాఫ్టే కనుక అది లోపలి బదిలీ లాంటిది.

కాదు. 2019లో 100 కోట్ల డాలర్లతో మొదలుపెట్టి భారీగా పెట్టుబడులు పెట్టినా, అప్పటికి మైక్రోసాఫ్ట్‌కు ఆ బోర్డులో ఒక్క స్థానం కూడా లేదు. తొలగింపు సంగతి దానికి తెలిసింది ప్రకటనకు నిమిషం ముందని వార్తలు వచ్చాయి.

అపోహ: వేటు పడిందంటే తప్పు చేసినట్టే, ఇక ఎవరూ తీసుకోరు.

విల్మర్‌హేల్ అనే న్యాయవాద సంస్థ విచారణ జరిపింది. ఆల్ట్‌మన్ ప్రవర్తన తొలగించి తీరవలసినంతటిది కాదన్నది దాని నిర్ధారణ అని 2024 మార్చిలో ఓపెన్‌ఏఐ ప్రకటించింది, ఆయన బోర్డులోకీ తిరిగి వచ్చారు. మీ విషయంలో చూసుకోవలసింది రిలీవింగ్ లెటర్‌లోని కారణం. ప్రాజెక్టు మూసివేతను పనితీరు లోపంగా రాస్తే సంతకం పెట్టకుండా, ఆ రోజే మెయిల్‌లో అభ్యంతరం తెలపండి.

అపోహ: నాన్-కంపీట్ చెల్లదు కాబట్టి బాండు కూడా చెల్లదు.

ఈ రెండింటినీ కలపవద్దు. ఉద్యోగంలో ఉన్న కాలానికి పెట్టే షరతులు చెల్లుతాయని 1967 నాటి గోలికారీ కేసు నుంచీ సుప్రీంకోర్టు చెబుతూనే ఉంది. మూడేళ్లు పనిచేయకుండా మానేస్తే 2 లక్షలు కట్టాలన్న విజయా బ్యాంకు షరతును 2025 మే నెలలో సమర్థించింది కూడా. నోటీస్ పీరియడ్‌లో ఉండగా పోటీ సంస్థకు పనిచేయడం కూడా ఇలాగే తప్పు.

హెచ్-1బీ మీద ఉన్నవారు ఉద్యోగం పోయిన రోజే విమానం ఎక్కాలన్నదీ వదంతే. అమెరికాలో ఉండటానికి ఇచ్చిన అనుమతి గడువు అంతకంటే ముందే ముగియని పక్షంలో, ఉద్యోగం ముగిసిన రోజు తరువాత 60 రోజుల వరకు వ్యవధి ఉంటుంది. ఆలోపు కొత్త సంస్థ పిటిషన్ దాఖలు చేయాలి. భాగస్వామి సంస్థ పిలిచినా ఈ గడియారం ఆగదు కనుక, వారి ఇమిగ్రేషన్ న్యాయవాదికి మొదటి వారంలోనే కాగితాలు అందించండి.

అపోహ: నేను రాసిన కోడ్ నాది, కొత్తచోటికి తీసుకెళ్లవచ్చు.

ఇక్కడ మాత్రం భయపడటం అవసరం. గూగుల్ స్వయంచాలిత కార్ల విభాగంలో పనిచేసిన ఆంథొనీ లెవండౌస్కీ బయటికి వెళ్లి సంస్థ పెట్టగా, 2016లో ఉబర్ దాన్ని కొన్నది. గూగుల్ పెట్టుబడి విభాగానికి అప్పటికే ఉబర్‌లో వాటా ఉంది. ఆ బంధుత్వం ఆయనను కాపాడలేదు. వేల ఫైళ్లు దింపుకుని వెళ్లారని 2017లో వేమో (గూగుల్ కార్ల విభాగమే ఆ పేరుతో విడి సంస్థ అయింది) దావా వేసింది, ఉబర్ ఆయనను తీసేసింది, 2020లో వాణిజ్య రహస్యం దొంగిలించానని ఆయన కోర్టులో ఒప్పుకోగా 18 నెలల జైలుశిక్ష పడింది. 2021 జనవరిలో అధ్యక్షుడి క్షమాభిక్ష వల్ల ఆ శిక్ష తప్పింది. కాలిఫోర్నియాలో ఉద్యోగం మారడానికి ఆయనకు పూర్తి హక్కు ఉంది. కేసు వచ్చింది ఫైళ్ల గురించి.

కాబట్టి తొలగింపు సమావేశం ముగిశాక వ్యక్తిగత మెయిల్‌కు ఆఫీసు ఫైలు ఒక్కటి కూడా పంపవద్దు, సొంత గిట్‌హబ్ ఖాతాలో కంపెనీ కోడ్ ఉంటే దాన్ని రహస్యంగా చెరిపేయకుండా మెయిల్ ద్వారా హెచ్‌ఆర్‌కు తెలిపి వారు చెప్పినట్టు చేయండి. మీ జీతం స్లిప్పులు, ఫారం-16, పీఎఫ్ వివరాలు మాత్రం యాక్సెస్ పోకముందే తీసుకోండి, అవి మీవి. ల్యాప్‌టాప్ అప్పగించినప్పుడు సీరియల్ నంబరు, తేదీ, తీసుకున్నవారి సంతకం ఉన్న రసీదు అడిగి పుచ్చుకోండి.