సాఫ్ట్‌బాల్‌లో తప్పులు దిద్దుకోవడం: అపోహలు - వాస్తవాలు

స్కూల్ గేమ్స్ సెలక్షన్లు దగ్గరపడేకొద్దీ గ్రౌండ్‌లో "మళ్లీ అదే తప్పా?" అన్న మాట ఎక్కువగా వినిపిస్తుంది. తప్పు పైకి ఒకేలా కనబడినా మూడు రకాలుగా పుడుతుంది. బాల్‌ని ఆలస్యంగా గమనించడం ఒకటి. ఏ బేస్‌కి (రన్నర్ పరిగెత్తి చేరాల్సిన చోటు) వేయాలో తెలియకపోవడం రెండోది. అన్నీ తెలిసినా కాలూ చేయీ కుదరకపోవడం మూడోది. ఏ రకమో తేల్చకుండా మొదలుపెట్టిన ప్రాక్టీసు చాలావరకు వృథా పోతుంది.

అపోహ: స్కోర్‌బుక్‌లో ఎర్రర్ పడలేదంటే తప్పు జరగనట్టే.

మామూలు ప్రయత్నంతో అందాల్సిన బాల్ చేజారి, బ్యాటర్ గానీ రన్నర్ గానీ బతికిపోతే స్కోరర్ ఎర్రర్ రాస్తారు. ఈ అంటే ఎర్రర్, పక్కనున్నది ఫీల్డర్ స్థానం నంబర్: షార్ట్‌స్టాప్ (సెకండ్, థర్డ్ బేస్‌ల మధ్య ఉండే ఫీల్డర్) వదిలేస్తే ఈ6, ఫస్ట్ బేస్ ప్లేయర్ వదిలేస్తే ఈ3. కానీ ఇద్దరు ఫీల్డర్లు ఒకరినొకరు చూసుకుంటూ ఉండగా మధ్యలో పడిపోయిన ఫ్లై బాల్ (గాల్లోకి లేచిన బాల్) సాధారణంగా హిట్‌గానే, అంటే బ్యాటర్ ఘనతగానే నమోదవుతుంది. పిచ్ అంటే ఇక్కడ పిచర్ బ్యాటర్‌కి విసిరే బాల్. వైల్డ్ పిచ్ (బ్యాటర్ వెనకుండే క్యాచర్‌కి అందనంత గురి తప్పిన పిచ్), పాస్డ్ బాల్ (క్యాచర్ పట్టాల్సింది వదిలేసిన పిచ్) కూడా ఎర్రర్ల లెక్కలోకి రావు. మ్యాచ్‌లు పోగొట్టేవాటిలో ఇలాంటివి చాలా ఉంటాయి.

అందుకే విడిగా ఒక నోట్‌బుక్ ఉండాలి. ఇన్నింగ్స్, అవుట్లు, రన్నర్లు ఎక్కడున్నారు, బాల్ ఎటు వచ్చింది, ఏం చేసి ఉండాల్సింది అన్నవి రాసి, పక్కన ఒక్క అక్షరం పెట్టండి: చూడలేదంటే చూ, తెలియలేదంటే తె, చేయలేకపోతే చే. నాలుగైదు మ్యాచ్‌లయ్యాక ఒక్కో ప్లేయర్ పేరు దగ్గర ఏ అక్షరం ఎక్కువుందో చూడండి. 'తె' ఎక్కువున్న అమ్మాయికి వంద గ్రౌండ్ బాల్స్ (నేల మీద దొర్లివచ్చే బాల్స్) కొట్టినా లాభం లేదు. బాల్ లేకుండా రన్నర్లను బేస్‌ల మీద నిలబెట్టి, ఒక అవుట్, రెండు అవుట్లు అంటూ పరిస్థితి మార్చి ఎటు వేయాలో నడిపించి చూపాలి.

అపోహ: బాల్ వదిలేస్తే చేతులు సరిగా లేవని అర్థం.

చాలాసార్లు లోపం కాళ్లలో ఉంటుంది. గ్రౌండ్ బాల్ కాళ్ల మధ్య నుంచి పోయిందంటే మోకాళ్లు వంగలేదు, లేదా గ్లవ్ ఆలస్యంగా కిందికి దిగింది. గ్లవ్ ముందే మట్టిని తాకుతూ ఉండాలి. కింది నుంచి పైకి లేపడం తేలిక, పైనుంచి కిందికి దించడం కష్టం. మన స్కూల్ గ్రౌండ్లలో గులకరాళ్ల మీద బాల్ ఎగరడం మామూలే, కానీ కిందున్న గ్లవ్ ఆ ఎగిరిన బాల్‌ని కూడా అందుకోగలదు.

పక్క నుంచి ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీసి రెండు చోట్ల ఆపి చూడండి. పిచ్ బ్యాటర్‌ని చేరేసరికి ఫీల్డర్ పాదాలు కదలికలో ఉన్నాయా? బాల్ రెండు మీటర్ల దూరంలో ఉన్నప్పుడు గ్లవ్ ఎక్కడుంది? మొదటిదానికి లేదు అని వస్తే అది 'చూ' తప్పు. బేస్‌ల మధ్య దూరం 60 అడుగులు, అంటే 18.29 మీటర్లు. చురుకైన రన్నర్ మూడు సెకన్లు అటూ ఇటూగా చేరిపోతుంది. మొదటి అడుగు ఆలస్యమైతే ఆ తర్వాత చేతులెంత బాగున్నా అందదు.

గ్లవ్‌ని కూడా పరీక్షించండి. సాఫ్ట్‌బాల్ చుట్టుకొలత 12 అంగుళాలు, క్రికెట్ బాల్ కంటే బాగా పెద్దది. బిగుసుకున్న కొత్త తోలు గ్లవ్‌లోంచి అది ఎగిరి బయటపడుతుంది. ఎడమచేత్తో విసిరే పిల్లకు ఎడమచేతికి వేసుకునే గ్లవ్ తొడిగించి తప్పులు లెక్కపెట్టడం అన్యాయం.

అపోహ: పిచ్ ఎత్తుగా పోతోందంటే బాల్ ముందే వదిలేస్తోంది.

క్రికెట్ నుంచి వచ్చిన కోచ్‌లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. పైనుంచి విసిరే త్రోలో ముందే వదిలితే బాల్ పైకి పోతుంది, నిజమే. అండర్‌ఆర్మ్ పిచ్‌లో చేయి కింది నుంచి పైకి వస్తుంది కాబట్టి లెక్క తిరగబడుతుంది: ఆలస్యంగా వదిలితే ఎత్తుగా, ముందే వదిలితే నేల మీదికి. అప్పటికే ఆలస్యంగా వదులుతున్న పిచర్‌కి "ఇంకాస్త ఆగి వదులు" అని చెబితే తరువాతి బాల్ క్యాచర్ తల మీదుగా పోతుంది.

దిద్దే పద్ధతి ఇది. నెట్‌కి నాలుగైదు మీటర్ల దూరంలో నిలబెట్టి, చేయి పూర్తిగా తిప్పకుండా తొడ దగ్గర మణికట్టు విరుపుతో మాత్రమే 15-20 బాల్స్ వేయించండి. తర్వాత చేయి తల మీద నుంచి మొదలుపెట్టి సగం చుట్టు. అది కుదిరాకే పూర్తి చుట్టు, పూర్తి దూరం: మహిళలకు 13.11 మీటర్లు, పురుషులకు 14.02 మీటర్లు. బాల్ పక్కలకు పోతుంటే పిచింగ్ ప్లేట్ (పిచర్ నిలబడే పలక) నుంచి హోమ్ ప్లేట్ (బ్యాటర్ దగ్గరుండే పలక) వైపు సున్నంతో గీత గీసి, ముందడుగు దాన్ని దాటుతోందేమో చూడండి. అడుగు అడ్డంగా పడితే తుంటి అడ్డొచ్చి చేయి దారి మారుతుంది.

అండర్‌ఆర్మ్ కాబట్టి భుజానికి శ్రమ ఉండదన్నదీ అపోహే. మ్యాచ్ చివర్లో మాత్రమే గురి తప్పుతుంటే ముందు అలసటను అనుమానించండి.

అపోహ: ఫౌల్ (బ్యాట్‌కి తగిలి గీతల బయటికి పోయిన బాల్) అంటే వృథా అయిన బాల్.

ఏం దిద్దుకోవాలో బ్యాటర్‌కి చెప్పేది అదే. కుడిచేతి బ్యాటర్ ఫౌల్స్ ఫస్ట్ బేస్ వైపు పోతుంటే బ్యాట్ ఆలస్యంగా వస్తోంది, థర్డ్ బేస్ వైపయితే తొందరపడుతోంది. నేరుగా వెనక్కి పోతే టైమింగ్ బాగుంది, బ్యాట్ బాల్ మధ్యకు కాస్త కింద తగిలింది. ఆ బ్యాటర్‌ స్వింగ్‌ని మార్చవద్దు.

అపోహ: ఒకే బాల్‌ని యాభైసార్లు పట్టిస్తే తప్పు పోతుంది.

ఆ రోజుకు పోయినట్టు కనబడుతుంది. కాలేజీ బేస్‌బాల్ బ్యాటర్ల మీద 1994లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, మూడు రకాల పిచ్‌లను కలగలిపి ఆడినవాళ్లు ఒక్కో రకాన్ని వరుసగా ఆడినవాళ్లకంటే తర్వాతి పరీక్షలో మెరుగ్గా రాణించారు. కొత్తవాళ్లకు మొదట్లో ఒకే రకం బాల్ అవసరమే. కదలిక పట్టుబడ్డాక మాత్రం ఎడమకొకటి, కుడికొకటి, ఎగిరేదొకటి, నెమ్మదిగా దొర్లేదొకటి కొట్టండి. ప్రాక్టీసులో తప్పులు పెరుగుతాయి. దాన్ని భరించాలి.

అపోహ: తప్పుకో రౌండ్ పరిగెత్తిస్తే బుద్ధి వస్తుంది.

భయం వస్తుంది. భయపడ్డ ఫీల్డర్ కష్టమైన బాల్ వైపు అడుగు వేయదు. అందలేదంటే శిక్ష ఉండదు కదా. పరిగెత్తే ఆ సమయంలో అదే బాల్‌ని పదిసార్లు పట్టొచ్చు.

అపోహ: ఓవర్‌త్రో (పట్టాల్సినవాళ్లను దాటిపోయే త్రో) వేసినవాళ్లదే తప్పు.

ఫస్ట్ బేస్‌కి త్రో వెళ్లే ప్రతిసారీ రైట్ ఫీల్డర్ (ఫస్ట్ బేస్ వైపు దూరంగా ఉండే ఫీల్డర్) ఆ బేస్ వెనక్కి చేరాలి. బేస్‌ల మీద రన్నర్లు లేకపోతే క్యాచర్ కూడా బ్యాటర్ వెంట పరిగెత్తాలి. ఎవరూ లేక బాల్ ఆట హద్దు దాటిందంటే రన్నర్లకు రెండు బేస్‌లు ఇస్తారు. విసిరే క్షణంలో వాళ్లు ఎక్కడున్నారన్నదే లెక్క. నోట్‌బుక్‌లో విసిరిన పేరు పక్కనే వెనక ఉండాల్సిన పేరూ రాయండి.

అపోహ: తప్పు జరిగిన వెంటనే గట్టిగా చెబితేనే ఎక్కుతుంది.

తరువాతి పిచ్‌కి ఉన్న కొద్ది సెకన్లలో టెక్నిక్ దిద్దలేం. అప్పుడు చెప్పాల్సినవి మూడే: అవుట్లు ఎన్ని, రన్నర్ ఎక్కడ, బాల్ వస్తే ఏ బేస్‌కి. గ్రౌండ్ మొత్తం కళ్లెదుట ఉండేది క్యాచర్‌కే కాబట్టి ఆ మాటలు క్యాచర్ చేతే చెప్పించండి. ఫీల్డర్లు వేళ్లతో అవుట్లు తిరిగి చూపాకే పిచర్ ప్లేట్ ఎక్కాలి. గ్లవ్ గురించీ పాదాల గురించీ మర్నాటి ప్రాక్టీసులో, వీడియో చూపిస్తూ మాట్లాడండి.