ఫ్రిజ్‌లో గ్యాస్ అయిపోదు

ఫ్రిజ్ సరిగ్గా చల్లబడకపోతే ముందుగా వినిపించే మాట "గ్యాస్ అయిపోయినట్టుంది". మెకానిక్ కూడా చాలాసార్లు అదే అంటాడు. గ్యాస్ నింపి వెళ్తాడు. కొన్నాళ్లు బాగానే నడుస్తుంది, తర్వాత కథ మళ్లీ మొదటికొస్తుంది. ఈ ఒక్క మాటలో ఉన్న పొరపాటు అర్థమైతే ఫ్రిజ్‌ని ఎలా కాపాడుకోవాలో సగం తెలిసినట్టే. ఫ్రిజ్‌లోని గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. ఫ్యాక్టరీలో నింపిన ఆ కాస్త వాయువే, అతుకు వేసి మూసేసిన గొట్టాల్లో ఏళ్ల తరబడి తిరుగుతూ ఉంటుంది. అది తగ్గిందంటే ఎక్కడో కారుతోందని అర్థం. కారే చోటు వెతక్కుండా గ్యాస్ నింపితే ఆ డబ్బు కూడా దానితో పాటే గాల్లో కలిసిపోతుంది.

అసలు చాలా ఫ్రిజ్‌ల విషయంలో తప్పు గ్యాస్‌ది కానే కాదు. దుమ్ము, వదులైన డోర్ రబ్బరు, మూసుకుపోయిన నీటి రంధ్రం, కంప్రెసర్‌ని స్టార్ట్ చేసే చిన్న రిలే పాడవడం లాంటివి కారణమై ఉంటాయి. ఇవేవీ పెద్ద ఖర్చులు కావు. పట్టించుకోకుండా వదిలేస్తే మాత్రం కంప్రెసర్‌ మీద భారం పడుతుంది.

ఫ్రిజ్ పని చేసే తీరు చూద్దాం. ద్రవం ఆవిరి కావాలంటే వేడి కావాలి. ఆ వేడిని పక్కనున్న వాటి నుంచి లాక్కుంటుంది. ఇప్పటి ఇంటి ఫ్రిజ్‌లలో ఎక్కువగా వాడే ఐసోబ్యూటేన్, అంటే ఆర్-600ఎ, మామూలు వాతావరణ పీడనంలో మైనస్ 11.7 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరుగుతుంది. పీడనం ఇంకా తగ్గిస్తే అంతకంటే చల్లగా ఉన్నప్పుడే మరుగుతుంది. ఫ్రీజర్ గోడల్లో లేదా దాని వెనక ఉండే ఎవాపరేటర్ గొట్టాల్లో జరిగేది ఇదే. అక్కడ ద్రవం మరుగుతూ లోపలి వేడిని తీసుకుంటుంది. ఆ ఆవిరిని కంప్రెసర్ పీల్చి గట్టిగా నొక్కుతుంది. దాంతో అది వేడెక్కి కండెన్సర్ గొట్టాల్లోకి వెళ్తుంది, వేడిని గదిలోకి వదిలేసి మళ్లీ ద్రవమవుతుంది. తర్వాత క్యాపిలరీ అనే చాలా సన్నటి గొట్టంలోంచి దూరి, పీడనం పడిపోయి, మళ్లీ ఎవాపరేటర్‌కి చేరుతుంది. ఇంతకీ లోపల తిరిగే వాయువు చాలా ఫ్రిజ్‌లలో కొన్ని పదుల గ్రాములే.

కాబట్టి ఫ్రిజ్ చేసేది వేడిని లోపలి నుంచి బయటికి మోయడం. ఆ వేడి బయటికి వెళ్లే దారిలో అడ్డు ఉండకూడదు, బయటి వేడి లోపలికి వచ్చే దారి తెరిచి ఉండకూడదు. మెయింటెనెన్స్ పేరుతో మనం చేసే పనులు దాదాపు అన్నీ ఈ రెండింటిలో ఏదో ఒకటి చేస్తాయి.

బయటికి వెళ్లే దారిలో కండెన్సర్ ఉంటుంది. పాత ఫ్రిజ్‌లకు వెనక కనిపించే నల్లటి జాలీ అదే. కొన్ని మోడళ్లలో అడుగున ఫ్యాన్‌తో పాటు ఉంటుంది, చాలా కొత్త వాటిలో పక్క గోడల రేకు లోపల దాగి ఉంటుంది. పక్కలు వేడిగా తగిలితే ఫ్రిజ్ పాడైందని కొందరు కంగారు పడతారు. అది లోపలి వేడి బయటికి వస్తోందనడానికి గుర్తు. తలుపు చుట్టూ ఉండే అంచు గోరువెచ్చగా ఉండడం కూడా మామూలే. అక్కడ చెమ్మ పట్టకుండా వేడి గొట్టాన్ని కావాలనే ఆ దారిన తిప్పుతారు. పక్క గోడల్లో కండెన్సర్ ఉన్న ఫ్రిజ్‌ని గోడకీ బీరువాకీ మధ్య గాలి ఆడకుండా ఇరికిస్తేనే ఇబ్బంది. ఆ రేకుకి స్క్రూలు బిగించడం, రంధ్రాలు చేయడం కూడా ప్రమాదమే. లోపలి గొట్టానికి చిల్లు పడితే దాన్ని సరిచేయడం చాలా కష్టం.

కండెన్సర్ మీద దుమ్ము పేరుకుంటే ఎంత నష్టమో లెక్కగట్టవచ్చు. ఫ్రెంచి ఇంజనీరు సాదీ కార్నో 1824లో వేడితో నడిచే యంత్రాల హద్దు గురించి చెప్పిన సూత్రమే ఇక్కడా పనికొస్తుంది. మైనస్ 20 డిగ్రీల దగ్గర వేడి తీసుకుని 40 డిగ్రీల దగ్గర వదిలితే, ఒక యూనిట్ కరెంటుతో గరిష్ఠంగా 4.2 యూనిట్ల వేడిని తరలించవచ్చు. దుమ్ము వల్ల కండెన్సర్ 55 డిగ్రీలకు చేరిందనుకుంటే ఆ హద్దు 3.4కి పడిపోతుంది. నిజమైన ఫ్రిజ్ ఈ హద్దుకి చాలా కిందే పని చేస్తుంది కానీ, తగ్గుదల దిశ మాత్రం ఇదే. అంటే అదే పనికి ఎక్కువ కరెంటు, ఎక్కువ సేపు నడక, ఎక్కువ వేడెక్కిన కంప్రెసర్. నాకు కరెంటు బిల్లు కంటే ఆ చివరిదే ముఖ్యమనిపిస్తుంది. మోటారు తీగల మీద ఉండే ఇన్సులేషన్‌కి వేడి పెద్ద శత్రువు. ఇంజనీర్లు వాడే ఉజ్జాయింపు లెక్క ప్రకారం ప్రతి 10 డిగ్రీల పెరుగుదలకి దాని ఆయుష్షు సుమారు సగమవుతుంది.

చేయాల్సిన పని చిన్నదే. ప్లగ్ తీసేసి, మెత్తటి బ్రష్‌తోనో వాక్యూమ్ క్లీనర్‌తోనో ఏడాదికి ఒకటి రెండుసార్లు ఆ జాలీని శుభ్రం చేయాలి. ఇంట్లో కుక్కో పిల్లో ఉంటే ఇంకాస్త తరచుగా చేయాలి. అడుగున ఫ్యాన్ ఉంటే దాని రెక్కలు స్వేచ్ఛగా తిరుగుతున్నాయో లేదో కూడా అప్పుడే చూసుకోవచ్చు.

ఇక లోపలికి వచ్చే వేడి సంగతి. తలుపు తెరిస్తే చల్లటి గాలి పోతుందని అందరికీ తెలుసు. అయితే ఆ గాలి మోసే వేడి అనుకున్నంత ఎక్కువ కాదు. 250 లీటర్ల ఫ్రిజ్‌లో గాలి బరువు దాదాపు 300 గ్రాములు. అదంతా పోయి 30 డిగ్రీల గాలి నిండితే, దాన్ని 5 డిగ్రీలకు తేవడానికి తీయాల్సిన వేడి దాదాపు 7.5 కిలోజౌళ్లు. అదే 30 డిగ్రీల దగ్గరున్న ఒక లీటరు నీటిని 5 డిగ్రీలకు తేవాలంటే 105 కిలోజౌళ్లు తీయాలి. వేడివేడి గిన్నెని నేరుగా లోపల పెట్టొద్దనేది అందుకే. అలాగని వండిన పదార్థాన్ని గంటల తరబడి బయట ఉంచడం కూడా మంచిది కాదు, సూక్ష్మజీవులు పెరుగుతాయి. కాస్త ఆవిరి తగ్గాక, రెండు గంటలు దాటకుండా లోపల పెట్టేయాలి.

గాలితో వచ్చే అసలు సమస్య తేమ. ఆ 30 డిగ్రీల గాలిలో తేమ 70 శాతం ఉంటే, అది చల్లబడే క్రమంలో మూడు నాలుగు గ్రాముల నీరు బయటపడుతుంది. ఆవిరి నీరయ్యేటప్పుడు వదిలే వేడి, మొత్తం గాలి మోసుకొచ్చిన వేడితో దాదాపు సమానం. ఆ నీరు ఫ్రీజర్ వైపు చేరి మంచుగా మారుతుంది. వదులైన డోర్ రబ్బరు ఈ పని రోజంతా చేస్తూనే ఉంటుంది. తలుపు తెరిచి మూస్తే రెండు నిమిషాల్లో అయిపోతుంది కానీ, రబ్బరు సందు రాత్రి కూడా మూతపడదు.

ఆ రబ్బరు వెనక ఒక విషాద చరిత్ర ఉంది. పూర్వం ఫ్రిజ్ తలుపులకు బయటి నుంచి మాత్రమే తెరుచుకునే గొళ్లేలు ఉండేవి. పారేసిన ఫ్రిజ్‌లలో దాక్కున్న పిల్లలు బయటికి రాలేక ఊపిరాడక చనిపోయారు. అలాంటి మరణాల తర్వాత, లోపలి నుంచి కూడా తలుపు తెరుచుకునేలా ఉండాలని అమెరికా 1956లో చట్టం చేసింది. గొళ్లెం స్థానంలో అయస్కాంత పట్టీ ఉన్న రబ్బరు వచ్చింది. తలుపును పట్టి ఉంచేదీ, గాలిని ఆపేదీ అదే.

దాన్ని పరీక్షించడం తేలిక. తలుపు సందులో ఒక కాగితం పెట్టి మూసి, మెల్లగా లాగాలి. కాస్త పట్టు తగలాలి. జారిపోతే ఆ చోట సందు ఉన్నట్టే. అంచు పొడవునా ఇలా చూసుకుంటూ రావాలి. చాలాసార్లు రబ్బరు మడతల్లో జిడ్డు పేరుకుని ఉంటుంది. గోరువెచ్చటి సబ్బు నీళ్లతో తుడిచి ఆరబెడితే పట్టు తిరిగి వస్తుంది. వంకర పోయి ఉంటే హెయిర్ డ్రయర్‌తో కొద్దిగా వేడి చేసి సర్దవచ్చు. చిరిగితే మార్చాల్సిందే. చాలా మోడళ్లలో అది గాడిలోంచి లాగి, కొత్తది నొక్కి పెట్టేలా ఉంటుంది. రబ్బరు బాగానే ఉన్నా తలుపు వాలితే సందు వస్తుంది. అప్పుడు పై కీలుని సరిచేసి, ముందు కాళ్లను తిప్పి ఫ్రిజ్‌ని కాస్త వెనక్కి వాలేలా చేస్తే తలుపు తనంతట తానే మూసుకుంటుంది.

మామూలు సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో మంచు అర సెంటీమీటరు మందం దాటకముందే డీఫ్రాస్ట్ చేయాలి. అలా పేరుకునే మంచులో గాలి బుడగలు నిండి ఉంటాయి కాబట్టి అది వేడిని సరిగ్గా పోనివ్వదు. ఫలితంగా కంప్రెసర్ ఎంత నడిచినా లోపలికి చల్లదనం చేరదు. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఆ మంచుని కత్తితో, చెంచాతో, స్క్రూడ్రైవర్‌తో పొడవకండి. మంచు వెనకున్నది పలుచటి అల్యూమినియం. ఒక్క పోటుకి చిల్లు పడి గ్యాస్ మొత్తం పోతుంది. పూర్తి ఆరోగ్యంగా ఉన్న ఫ్రిజ్ ఒక్క క్షణంలో చెత్తబుట్టకి చేరే దారి అదే. ప్లగ్ తీసి, తలుపు తెరిచి, లోపల వేడి నీళ్ల గిన్నె పెట్టి ఓపిక పడితే చాలు.

ఫ్రాస్ట్ ఫ్రీ మోడళ్లలో ఈ పనిని హీటర్ చేస్తుంది. ఎవాపరేటర్ మీద చేరిన మంచుని రోజులో కొన్నిసార్లు కరిగిస్తుంది. ఆ నీరు ఒక రంధ్రం గుండా కిందికి జారి, కంప్రెసర్ దగ్గరున్న ట్రేలో పడి, ఆ వేడికే ఆవిరైపోతుంది. కూరగాయల డబ్బా కింద నీళ్లు నిలుస్తుంటే ఆ రంధ్రం మూసుకుపోయిందేమో ముందు చూడాలి. గోరువెచ్చటి నీళ్లు పోసి, మెత్తటి సన్నటి పైపుతో శుభ్రం చేస్తే సరిపోవచ్చు. ఫ్రీజర్ బాగానే ఉండి కింది అర మాత్రం వెచ్చబడుతుంటే హీటర్, సెన్సర్, టైమర్, ఫ్యాన్‌లలో ఏదో ఒకటి పని చేయడం లేదని అనుమానించాలి. చల్లటి గాలి కిందికి రావాల్సిన దారిలో మంచు గడ్డ కట్టి ఉంటుంది. ఇలాంటప్పుడు గ్యాస్ నింపితే ప్రయోజనం ఏముంటుంది? ఫ్రిజ్‌ని ఖాళీ చేసి, తలుపులు తెరిచి ఒక రోజు ఆపి ఉంచండి. మళ్లీ ఆన్ చేశాక కొన్ని రోజులు చక్కగా నడిచి తిరిగి అదే స్థితికి వస్తే, తప్పు డీఫ్రాస్ట్ భాగాల్లోనే ఉందని దాదాపు తేలినట్టే.

కంప్రెసర్ దగ్గర కొన్ని నిమిషాలకోసారి "టిక్" మని శబ్దం వచ్చి ఆగిపోతుంటే చాలామంది కంప్రెసర్ పోయిందని నిర్ణయించేస్తారు. అంత తొందర వద్దు. దాని పక్కనే స్టార్టింగ్ రిలే ఉంటుంది. అందులో పీటీసీ అనే సిరామిక్ బిళ్ల ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు కరెంటుని పోనిస్తుంది, వేడెక్కగానే అడ్డుకుంటుంది. మోటారుకి మొదటి ఊపు ఇచ్చి తప్పుకోవడమే దాని పని. ఈ బిళ్ల పగిలితే కంప్రెసర్ లేవలేదు, ఓవర్‌లోడ్ స్విచ్ దాన్ని ఆపుతూ ఉంటుంది. రిలేని తీసి ఊపితే లోపల ముక్కలు గలగలమంటాయి. కంప్రెసర్ ధరతో పోలిస్తే అది ఎంతో చవక. మోటారు వేగాన్ని అవసరాన్ని బట్టి మార్చుకునే ఇన్వర్టర్ ఫ్రిజ్‌లలో రిలే ఉండదు, మోటారుని నడిపేది ఒక బోర్డు. అది పాడైనా కంప్రెసరే చచ్చినట్టు కనిపిస్తుంది. ఆ బోర్డు మీది కెపాసిటర్లలో ప్లగ్ తీశాక కూడా కాసేపు ప్రమాదకరమైన చార్జి ఉంటుంది కాబట్టి దాని జోలికి తెలిసినవాళ్లే వెళ్లాలి.

కరెంటు పోయి వెంటనే వచ్చినప్పుడు మామూలు ఫ్రిజ్ మొరాయించడానికీ ఆ పీటీసీ బిళ్ల ఒక కారణం. నొక్కిన వాయువు సన్నటి క్యాపిలరీలోంచి నెమ్మదిగా జారి రెండు వైపులా పీడనం సమానం కావాలి, ఆ బిళ్ల చల్లబడాలి. ఐదు నిమిషాలు ఆగితే రెండూ జరుగుతాయి. తక్కువ వోల్టేజీ ఇంకా చెడ్డది. మోటారు తిప్పే బలం వోల్టేజీ వర్గానికి అనులోమంగా ఉంటుంది. వోల్టేజీ 80 శాతానికి పడితే బలం 64 శాతమే మిగులుతుంది. తిరగలేని మోటారు అంత కరెంటునీ వేడిగా మార్చుకుంటుంది. హెచ్చుతగ్గులు ఎక్కువగా ఉండే చోట, సమయం ఆలస్యం చేసే సదుపాయమున్న స్టెబిలైజర్ వాడటం మంచిదే.

నిజంగానే గ్యాస్ కారిందనుకోండి. దానికి గుర్తులు వేరు. కంప్రెసర్ ఆగకుండా నడుస్తుంది, కండెన్సర్ మాత్రం వేడెక్కదు. ఎవాపరేటర్ మొదట్లో కొంత మేర మంచు పట్టి మిగతాది పొడిగా ఉంటుంది. అప్పుడు మెకానిక్ చేయాల్సిన పని నాలుగు దశల్లో ఉంటుంది. కారే చోటు కనిపెట్టి మూయాలి. గొట్టాల్లోని తేమనీ చెత్తనీ పట్టే ఫిల్టర్ డ్రయర్ మార్చాలి. వాక్యూమ్ పంపుతో గాలినీ తేమనీ పూర్తిగా లాగేయాలి. లేబుల్ మీద రాసిన బరువు ప్రకారం, తూకం వేసి గ్యాస్ నింపాలి. లోపల నీటి చుక్క మిగిలినా క్యాపిలరీ కొసన గడ్డకట్టి దారి మూసేస్తుంది. ఐసోబ్యూటేన్ మండే వాయువు కాబట్టి, గొట్టాల్లో అది ఉండగా అతుకు వేసే మంట టార్చ్ వెలిగించకూడదు, గది కిటికీలు తెరిచి ఉంచాలి. ఈ పనుల్లో ఏవి చేస్తారని ముందే అడగడంలో తప్పు లేదు. లేబుల్ చూడకుండా చేతి అంచనాతో నింపేవారికి ఫ్రిజ్‌ని అప్పగించకపోవడమే మేలు.

మూసేసిన కంప్రెసర్ ఎంత గట్టిదో చెప్పడానికి ఒక ఉదాహరణ ఉంది. జనరల్ ఎలక్ట్రిక్ 1927లో మానిటర్ టాప్ అనే ఫ్రిజ్‌ని మార్కెట్లోకి తెచ్చింది. కంప్రెసర్‌ని ఉక్కు డొప్పలో పూర్తిగా మూసి, పైన గుండ్రటి టోపీలా అమర్చారు. వాటిలో కొన్ని పాత వస్తువులు సేకరించేవారి దగ్గర ఇప్పటికీ నడుస్తున్నాయి. కంప్రెసర్ బాగానే ఉన్నా విడిభాగాలు దొరక్క మూలపడే ఫ్రిజ్‌లూ ఉంటాయి. యూరోపియన్ యూనియన్ 2021 నుంచి దీనికి నియమం పెట్టింది. ఒక మోడల్ అమ్మకం ఆగాక డోర్ రబ్బరు కనీసం 10 ఏళ్లు, థర్మోస్టాట్లు, సెన్సర్లు, బోర్డులు కనీసం 7 ఏళ్లు తయారీదారులు అందుబాటులో ఉంచాలి. ఇలాంటి నియమం ప్రతి దేశంలోనూ రావాలని గట్టిగా కోరుకుంటున్నాను.

అన్ని ఫ్రిజ్‌లనూ బాగు చేయించాలని కాదు. గోడల మధ్య వేడిని ఆపే ఫోమ్ లోపల దాగిన గొట్టం కారుతున్నా, ఫోమ్ తడిసి గోడల బయట చెమ్మ పడుతున్నా, పాత ఫ్రిజ్‌లో కంప్రెసరే కాలిపోయినా కొత్తది కొనడం తెలివైన పని. పాతదాన్ని వదిలించుకునే ముందు గ్యాస్‌ని గాల్లోకి వదలకుండా యంత్రంతో వెనక్కి తీసే చోటికి ఇవ్వాలి. ఆర్-134ఎ అనే మరో రకం వాయువు ఉన్న ఫ్రిజ్ అయితే ఇది మరీ ముఖ్యం. వందేళ్ల లెక్కన అందులోని ఒక కిలో వాయువు, వెయ్యి కిలోలకు పైగా కార్బన్ డయాక్సైడ్ ఎంత వేడెక్కిస్తుందో అంతగా భూమిని వేడెక్కిస్తుంది. ఆ ఫ్రిజ్ కొన్ని రోజులు బయట పడి ఉండేదైతే, తలుపు ఊడదీసి ఉంచాలి.